వార్తల్లో పదం: డిజిటల్ డిటాక్స్

ఫోన్, టీవీ, కంప్యూటర్ తెరలకూ సామాజిక మాధ్యమాలకూ కొన్ని గంటలో, కొన్ని రోజులో బుద్ధిపూర్వకంగా దూరంగా ఉండటాన్ని డిజిటల్ డిటాక్స్ అంటారు. ఒంట్లోని విషపదార్థాలను తొలగించడాన్ని సూచించే డిటాక్స్ అనే మాటను తెరల వాడకానికి అన్వయించగా ఏర్పడిన ఈ పదబంధం 2013లో ఆక్స్‌ఫర్డ్ ఆన్‌లైన్ నిఘంటువులో చేరింది. తెలుగులో దీనిని తెర విరామం అనడం మరింత సబబు, ఎందుకంటే ఫోన్ విషమూ కాదు, దానిని శాశ్వతంగా విడిచిపెట్టడం దీని ఉద్దేశమూ కాదు.

మహారాష్ట్రలోని సాంగ్లీ జిల్లా మోహిత్యాంచె వడ్‌గావ్ గ్రామం 2022లో ఈ విరామాన్ని ఊరుమ్మడి నియమంగా మలచుకుంది. కొవిడ్ కాలంలో ఆన్‌లైన్ తరగతుల కోసం చేతికొచ్చిన ఫోన్లను పిల్లలు బడులు తెరిచాక కూడా వదలకపోవడంతో, సాయంత్రం 7 గంటలకు గుడి దగ్గర సైరన్ మోగగానే ఇంటిల్లిపాదీ టీవీలూ ఫోన్లూ పక్కనబెట్టి, 8.30 దాకా చదువుకో, ముచ్చట్లకో ఆ సమయాన్ని కేటాయించాలని గ్రామస్థులు నిర్ణయించుకున్నారు. ఆంక్షను పిల్లల మీదే మోపక పెద్దలూ పాటించడమే ఈ ఏర్పాటుకు అసలైన బలం.

వాడకం విరామంతో అదుపు కానంతటి వ్యసనంగా ముదిరినవారికి బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో 2014లో మొదలైన షట్ క్లినిక్ మానసిక చికిత్స అందిస్తోంది.