ఖజానాకు ఇబ్బంది వచ్చినప్పుడు మగ్గానికేమి?

మంచికాలంలో ఏ ప్రభుత్వమూ పన్నుల పద్ధతిని సులభంగా మార్చదు. చేతిలో సొమ్ము లేనప్పుడో, జనం కడుపు కాలినప్పుడో పాత లెక్కలు తిరగవేస్తుంది. ఆ మార్పు ఒకప్పుడు మన మగ్గానికి ఆసరా అయినది, ఒకప్పుడు బరువైనది. రెండు సందర్భాలను సోదరులకు జ్ఞాపకం చేయదలచినాము.

మొదటిది 1952. కొరియా యుద్ధకాలపు గిరాకీ తగ్గి ధరలు పడిపోగా, మద్రాసు రాష్ట్రంలో చేనేత గుడ్డ అమ్ముడుపోక నిలువలు పేరుకొన్నవి. కోస్తా జిల్లాలు, రాయలసీమ, సేలం అప్పుడు ఆ రాష్ట్రంలోనివే. నేతగాండ్ర గోడు ఢిల్లీకి చేరినది. ఆ అక్టోబరులో అఖిల భారత చేనేత బోర్డు ఏర్పడినది. 1953లో చట్టం చేసి, మిల్లు గుడ్డపై గజానికి మూడు పైలు, అనగా పావు అణా, అదనపు సుంకం విధించిరి. ఆ సొమ్ములో నుండి సంఘాలలో చేరేవారికి వాటాధనం కొరకు అప్పులు, గుడ్డ అమ్మకాలపై రిబేటు లభించినవి.

రెండవది 1991. విదేశ మారకపు నిలువ రెండు మూడు వారాల దిగుమతులకు మాత్రమే మిగిలినది. రిజర్వు బ్యాంకు సుమారు 47 టన్నుల బంగారాన్ని విదేశాలకు పంపి తాకట్టు పెట్టినది. పి. వి. నరసింహారావుగారు ప్రధానిగా, మన్మోహన్ సింగుగారు ఆర్థికమంత్రిగా జూలై 24న బడ్జెటు వచ్చినది. ఖర్చు తగ్గించుట, పన్ను రేట్లు తగ్గించి ఎక్కువమందిని పన్ను కిందికి తెచ్చుట నాటి సూత్రాలు. రాజా చెల్లయ్యగారి సంఘం ఈ దారినే చూపినది. 1994లో సేవాపన్ను, 2005లో అనేక రాష్ట్రాలలో వ్యాట్, 2017 జూలై 1న జీఎస్టీ ఆ దారిలో వచ్చినవే. 1976 నాటి జనతా వస్త్ర పథకం కూడ ఎనిమిదవ ప్రణాళికా కాలంలో క్రమంగా ముగిసిపోయినది.

జీఎస్టీలో నూలుపై 5 శాతం, నూలు గుడ్డపై 5 శాతం పన్ను ఉన్నది. నమోదైన సంఘం నూలుపై కట్టినదానిని గుడ్డపై కట్టవలసినదానిలో తగ్గించుకొనవచ్చును. నమోదు లేని ఒంటరి నేతగానికి ఆ వీలు లేదు. బిల్లులు లేని సంఘానికీ లేదు. మేమును తొలి ఏడాది కొన్ని నూలు బిల్లులు పోగొట్టుకొని ఆ తగ్గింపును పోగొట్టుకొంటిమి. అది సభ్యుల కూలిలో నుండి పోయిన సొమ్మే.

సంకటం మరల రాకపోదు. అప్పుడు ఎవరి లెక్క సిద్ధంగా ఉంటే వారి మాటకు బలముంటుంది. సేలంలోనైనా, షోలాపురంలోనైనా, బరంపురంలోనైనా ప్రతి సంఘమూ నడిచే మగ్గాలెన్ని, కొన్న నూలెంత, అమ్ముడుపోని గుడ్డ ఎంత, పని లేని దినాలెన్ని అను నాలుగు పద్దులు నెలనెలా వ్రాయించవలెనని మా మనవి. పోగు తెగినప్పుడు చూడని నేతగాడు లేడు. పద్దు తెగినప్పుడు కూడ అట్లే చూతము.