సాంకేతిక రచయితలు – ఆసక్తి బృందాలు

మందుసీసా వెంట వచ్చే కాగితం, నీటిపంపుతో ఇచ్చే చిన్న పుస్తకం, కంప్యూటరు వాడకాన్ని వివరించే సూచనలు – ఇటువంటివి రాసేవారిని సాంకేతిక రచయితలంటారు. ఈ రచనలమీద సాధారణంగా రచయిత పేరుండదు. చిన్న సంస్థల్లో అటువంటివారు ఒకరో ఇద్దరో ఉంటారు. చుట్టూ ఉండేది ఇంజనీర్లు. రాసిన వాక్యం పాఠకుడికి అందుతుందో లేదో చెప్పగల తోటి రచయిత దగ్గరలో దొరకడు. ఈ వృత్తిలో సంఘాల అవసరం ఇక్కడే ఏర్పడింది.

అమెరికాలో 1953లో బోస్టన్‌లో ఒకటి, న్యూయార్క్‌లో ఒకటి ఇటువంటి సంఘాలు పుట్టాయి. 1957లో అవి రెండూ కలిశాయి. 1960లో లాస్ ఏంజెలెస్‌లోని మరొక సంఘం వాటితో చేరింది. 1971లో దానికి సొసైటీ ఫర్ టెక్నికల్ కమ్యూనికేషన్ అని పేరు పెట్టారు. సభ్యులను ఈ సంఘం రెండు విధాలుగా కూర్చింది. ఊరినిబట్టి, ప్రాంతాన్నిబట్టి ఏర్పడినవి శాఖలు. భారతదేశంలోనూ ఒక శాఖ ఉండేది. పనినిబట్టి ఏర్పడినవి ఆసక్తి బృందాలు. రచనల పరిష్కరణకు ఒకటి, బోధన సామగ్రికి ఒకటి, వాడకంలో సౌలభ్యాన్ని పరిశీలించడానికి ఒకటి, సొంతంగా పని చేసుకునేవారికి ఒకటి – ఇలా ఉండేవి. శాఖవల్ల ఊళ్లోవారితో పరిచయం, ఉద్యోగాల కబురు దొరుకుతాయి. బృందంవల్ల, ఎంత దూరాన ఉన్నా సరే, అదే చిక్కు ఎదుర్కొన్న మరొకరు దొరుకుతారు.

సభ్యత్వం, ఆదాయం తగ్గి అప్పులు భారమై, ఈ సంఘం 2025 జనవరిలో మూతపడింది. జర్మనీలో 1978లో ఏర్పడిన టేకోమ్ కొనసాగుతున్నది; అది బెంగళూరులోనూ సమావేశాలు జరిపింది. పెద్ద సంఘం పోయినా, చిన్న బృందం చేసే పని అవసరం తీరిపోలేదు. తెలుగు విషయంలో ఆ అవసరం మరింత ఎక్కువ అని మా అభిప్రాయం.

ఒక ఉదాహరణ చూద్దాం. ఇంగ్లీషులో హెచ్చరిక వాక్యం నిషేధంతోనే మొదలవుతుంది. తెలుగులో క్రియ చివర వస్తుంది కాబట్టి నిషేధమూ చివరనే వస్తుంది. ‘తడి చేతులతో, కరెంటు ఉన్నప్పుడు, మూత తీసి లోపలి తీగలను తాకకండి’ అన్న వాక్యంలో ‘తాక’ వరకూ చదివినా వద్దంటున్న సంగతి తెలియదు. ‘మూత తెరిచే ముందు ప్లగ్గు తీయాలి’ అన్న వాక్యంలో తరువాత చేయవలసిన పని ముందు వినిపిస్తుంది. ‘ముందు ప్లగ్గు తీసి, తరువాత మూత తెరవాలి’ అంటే పని వరుస, మాట వరుస ఒకటే అవుతాయి. ఇటువంటి సూత్రాలు అనువాదకుడు ఒంటరిగా కనిపెట్టుకుంటే అతనితోనే పోతాయి. బృందం చర్చించి రాసిపెట్టుకుంటే తరువాతివారికి అందుతాయి.

పదాల సంగతీ అంతే. కంప్యూటరు తెలుగులో ఒకే వస్తువు ఒకచోట ఫైలు, మరొకచోట దస్త్రం. ఏది మంచిదన్న వాదం కన్నా, ఒకే పుస్తకంలో ఒకే పదం ఉండటం ముఖ్యం. ఆ నిర్ణయం పట్టికగా ఉండాలి. పదాలను ఎక్కడ వెతకాలో భద్రిరాజు కృష్ణమూర్తి గారు మాండలిక వృత్తి పదకోశంతో చూపించారు. వ్యవసాయ పదాల సంపుటం 1962లో, చేనేత పదాల సంపుటం 1971లో వెలువడ్డాయి. ఆ పదాలు పని చేసేవారి నోటినుంచి సేకరించినవి.

బెంగళూరు, చెన్నై, పుణె నగరాల్లో తెలుగువారు సాంకేతిక రచనలో ఉన్నారు; వారు రాసేది ఎక్కువగా ఇంగ్లీషులో. హోసూరు, బళ్లారి, బరంపురం వంటి చోట్ల ఎందరో తెలుగు ఇంట్లో మాట్లాడతారు, చదువు మాత్రం వేరే భాషలో. పనిముట్ల పేర్లు వారికి నోటనే ఉన్నాయి. ఊరికి నలుగురైదుగురు కలిసి, నెలకొకసారి తలా ఒక పేజీ తెచ్చి, ఆ వస్తువును వాడే మనిషికి చదివి వినిపిస్తే చాలు. అతను ఎక్కడ ఆగి మళ్లీ అడిగాడో అక్కడ గుర్తు పెట్టుకోవాలి. బృందం పని ఆ గుర్తుల దగ్గర మొదలవుతుంది.