నగరంలోకి వచ్చే బండికి రుసుము: కట్టేది ఎవరు, ఓటేసేది ఎవరు?

రద్దీ వేళల్లో నగరం నడిబొడ్డుకు వచ్చే వాహనాల నుంచి వసూలు చేసే సొమ్ము రద్దీ రుసుము. చూడ్డానికి టోల్‌లాగే ఉంటుంది గానీ రెండింటి పని వేరు. రోడ్డు మీద పెట్టిన ఖర్చు రాబట్టుకోవడానికి టోల్ పెడతారు. రద్దీ రుసుము పెట్టేది కొందరు బండి ఇంటి దగ్గర వదిలి బస్సెక్కాలని, మరికొందరు వేళ మార్చుకుని రావాలని. వేళను బట్టి ధర పెడితే రద్దీ విడిపోతుందని విలియం వికెరీ అనే ఆర్థికవేత్త 1950లలోనే వాదించాడు. ఆయనకు 1996లో నోబెల్ వచ్చింది. ఆయన లెక్క తప్పన్న ఆర్థికవేత్తలు తక్కువ. దాన్ని అమలు చేసిన నగరాలూ తక్కువే. అడ్డు పడుతున్నది లెక్క కాదు, ఓట్లు.

హైదరాబాద్‌లో ఇలాంటి రుసుము లేదు. పెడితే బరువు ఎవరి మీద పడుతుందో వికారాబాద్, తాండూరు వైపు నుంచి చూస్తే తేలిగ్గా తెలుస్తుంది. అనంతగిరి ప్రాంతం నుంచి రాజధానికి రైలు కాకుండా మరో ప్రధాన దారి మన్నెగూడ, చేవెళ్ల, మొయినాబాద్ మీదుగా అప్పా జంక్షన్‌కు వెళ్లే రోడ్డు. తాండూరు నాపరాయి, చేవెళ్ల వైపు నుంచి గుడిమల్కాపూర్ మార్కెట్‌కు వెళ్లే కూరగాయలు, పూలు, నిమ్స్‌కో ఉస్మానియాకో తీసుకెళ్లే రోగులు, పొద్దున వెళ్లి రాత్రి తిరిగొచ్చే ఉద్యోగులు, అందరిదీ ఆ దారే. శని, ఆదివారాల్లో ప్రవాహం ఎదురు తిరుగుతుంది: అనంతగిరి కొండకూ కోటిపల్లి చెరువుకూ నగరం కార్లు బారులు కడతాయి. రుసుము పెట్టాలన్న మాట మాత్రం ఎప్పుడూ నగరంలోకి వచ్చే బండి గురించే పుడుతుంది. ఆ బండిలో ఉన్నవాళ్లకు నగర పాలక సంస్థ ఎన్నికల్లో ఓటుండదు. ప్రపంచంలో ఈ రుసుము చుట్టూ జరిగిన గొడవల్లో చాలావాటికి మూలం ఇదే.

మొదట పెట్టింది సింగపూర్, 1975లో. అద్దానికి కాగితం చీటీ అంటించుకుంటేనే నడిబొడ్డుకు రానిచ్చేవారు, రోజుకు మూడు సింగపూర్ డాలర్లు. అక్కడ పెద్ద రాజకీయ పోరేమీ నడవలేదు, నడిచే వీలూ లేదు: అంతకు ముందు 1972 ఎన్నికల్లో పార్లమెంటులోని 65 స్థానాలనూ పాలక పక్షమే గెలుచుకుంది. 1998లో చీటీలు పోయి ఎలక్ట్రానిక్ వసూలు వచ్చింది. పక్కనే హాంకాంగ్ 1983 నుంచి 1985 దాకా ఎలక్ట్రానిక్ పద్ధతిని ప్రయోగించి చూసి, ఎవరు ఎప్పుడు ఎక్కడికి వెళ్తున్నారో ప్రభుత్వానికి తెలిసిపోతుందన్న నిరసనతో మూలన పడేసింది.

ఎన్నికల్లో నిలబడి ఈ రుసుము గెలిపించుకున్న నాయకుడిగా లండన్ మేయర్ కెన్ లివింగ్‌స్టన్‌ను చెప్పుకోవాలి. 2000లో లేబర్ పార్టీ టికెట్ ఇవ్వకపోతే స్వతంత్రుడిగా పోటీ చేశాడు. రద్దీ రుసుమును మేనిఫెస్టోలోనే పెట్టాడు. 1999 చట్టం ఆ అధికారాన్ని నేరుగా మేయర్‌కే ఇచ్చింది కాబట్టి ఎవరి అనుమతి కోసమూ ఎదురు చూడనక్కర్లేకపోయింది. వెస్ట్‌మినిస్టర్ కౌన్సిల్ కోర్టుకెక్కి ఓడిపోయింది. 2003 ఫిబ్రవరి 17న ఐదు పౌండ్లతో వసూలు మొదలైంది. అదే సమయానికి అదనపు బస్సులూ దించారు. మరుసటి ఏడాది అతను మళ్లీ గెలిచాడు. సెంట్రల్ లండన్‌కు పనికి వచ్చేవాళ్లలో అత్యధికులు అప్పటికే రైలూ బస్సూ ఎక్కేవాళ్లు, కాబట్టి నొప్పి తగిలింది కొద్దిమందికే. 2007లో సంపన్నులుండే పశ్చిమ ప్రాంతాలకు హద్దు జరపగానే లెక్క మారింది. 2008లో బోరిస్ జాన్సన్ గెలిచాడు, 2011 జనవరికల్లా ఆ కొత్త హద్దును ఎత్తేశాడు. ఆ రుసుము పన్నే గనుక తమకు వర్తించదని వాదిస్తూ లండన్‌లో బకాయిలు పడ్డ విదేశీ దౌత్య కార్యాలయాల్లో అమెరికా, జపాన్‌లతో పాటు మన దేశానిదీ ఉంది.

స్టాక్‌హోమ్ కథ మనకు మరీ దగ్గరిది. నగర మేయర్ ఆనికా బిల్‌స్ట్రోమ్ 2002 ఎన్నికల ముందు రద్దీ రుసుము పెట్టబోమని మాటిచ్చింది. ఎన్నికలయ్యాక జాతీయ ప్రభుత్వం నిలబడాలంటే గ్రీన్ పార్టీ మద్దతు కావాల్సివచ్చింది. ఆ పార్టీ పెట్టిన షరతుల్లో ఇదొకటి. మాట తప్పారన్న నింద మేయర్ మీద పడింది. చివరికి కుదిరిన రాజీ ఏమిటంటే, ముందు ప్రయోగం, తర్వాత ఓటింగ్. కొత్త బస్సులు 2005లోనే రోడ్డెక్కాయి. 2006 జనవరి 3 నుంచి జులై 31 వరకు రుసుము వసూలు చేశారు. హద్దు దాటే వాహనాలు ఐదో వంతు దాకా తగ్గాయి. ముందు వద్దన్నవాళ్లలో చాలామంది ఖాళీ అయిన రోడ్లు చూసి మెత్తబడ్డారు. సెప్టెంబర్‌లో ఓటింగ్ జరిగితే నగరవాసుల్లో సగానికి పైగా సరేనన్నారు.

అయితే చుట్టుపక్కల పురపాలికలు పద్నాలుగు విడిగా ఓటింగ్ పెట్టుకున్నాయి. అక్కడి తీర్పు మొత్తం మీద వద్దనే. ఇంతకీ ఎవరి మాట చెల్లాలి? ప్రాంతమంతా కలిపి లెక్కిస్తే ఓడిపోయేది, నగరం వరకే లెక్కిస్తే గెలిచింది. అదే రోజు గెలిచిన కొత్త ప్రభుత్వం నగరం తీర్పునే పట్టించుకుంది. 2007 ఆగస్టు నుంచి రుసుమును శాశ్వతం చేసి, వచ్చే డబ్బును మాత్రం రోడ్లకు మళ్లించింది. శివారు జనాన్ని చల్లబరచడానికి వేసిన ఎత్తు అది.

ప్రయోగం లేకుండా నేరుగా ఓటుకు పెట్టిన చోట్ల ఫలితం ఒక్కటే. ఎడిన్‌బరోలో 2005లో, మాంచెస్టర్‌లో 2008లో నలుగురిలో ముగ్గురు వద్దన్నారు.

న్యూయార్క్‌లో పోరు పద్దెనిమిదేళ్లు సాగింది. మేయర్ బ్లూమ్‌బర్గ్ 2007లో ప్రతిపాదించాడు. 2008లో నగర కౌన్సిల్ ఆమోదించింది గానీ తుది అధికారం రాష్ట్ర శాసనసభది. అక్కడ బిల్లు ఓటింగ్‌కే రాలేదు, ఏ సభ్యుడూ తన పేరు మీద అవుననో కాదనో చెప్పాల్సిన అవసరం పడలేదు. కుంటుతున్న సబ్‌వేకు డబ్బు కావాల్సివచ్చి 2019లో చట్టం చేశారు. 2024 జూన్ చివర్లో మొదలవ్వాల్సి ఉండగా గవర్నర్ కేథీ హోకల్ ఆ నెల 5న ఆపేసింది. నవంబర్ ఎన్నికలు దాటాక, 15 డాలర్లను 9కి తగ్గించి 2025 జనవరి 5న మొదలుపెట్టింది. ఫిబ్రవరిలో ట్రంప్ ప్రభుత్వం అనుమతి రద్దు చేస్తున్నామంది. రవాణా సంస్థ కోర్టుకు వెళ్లింది, వసూలు ఆగలేదు. అన్నిటికన్నా గట్టిగా ఎదిరించింది నది అవతలి న్యూజెర్సీ రాష్ట్రం, కోర్టులో దావా కూడా వేసింది. ఎడిసన్, జెర్సీ సిటీల్లో ఉంటూ మన్‌హటన్‌లో పనిచేసే వేలాది తెలుగువాళ్లు ఆ రాష్ట్రవాసులే. రైలెక్కే వాళ్లకు రుసుముతో పనిలేదు. కారులో వెళ్లేవాళ్లకు మాత్రం, తమ ఓటు లేని రాష్ట్రానికి డబ్బు కట్టడమన్నమాట.

మన దేశంలో ఎన్నికైన ప్రభుత్వాలు ఈ జోలికి రావడానికి జంకుతాయి. ఢిల్లీలోకి వచ్చే వాణిజ్య వాహనాలపై 2015లో పర్యావరణ రుసుము పడింది: చిన్నవాటికి 700 రూపాయలు, పెద్దవాటికి 1,300. వేయించింది సుప్రీంకోర్టు. ఊటీ, కొడైకెనాల్ కొండలకు 2024 మే నుంచి వాహనాలకు ఈ-పాస్ తప్పనిసరి చేసింది మద్రాసు హైకోర్టు. ముంబయి మరోలా నడిచింది. నగరంలోకి వచ్చే ఐదు దారుల్లో కార్లకు అప్పటికే ఉన్న టోల్‌ను మహారాష్ట్ర మంత్రివర్గం 2024 అక్టోబర్ 14న ఎత్తేసింది. మర్నాడే ఎన్నికల షెడ్యూలు వచ్చింది! బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు మీద ఒక్కరే కూర్చుని వెళ్లే కార్లకు రుసుము అన్న మాట 2025లో బయటికి రాగానే దుమారం రేగింది. అలాంటి నిర్ణయమేదీ లేదని ప్రభుత్వం సర్దుకుంది.

హైదరాబాద్‌లో వసూలు యంత్రాంగం కొరత కాదు. 2021 ఫిబ్రవరి నుంచి జాతీయ రహదారుల టోల్ ప్లాజాల్లో ఫాస్టాగ్ తప్పనిసరి. కొరతంతా నమ్మకంలో ఉంది. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు టోల్‌ను 2023లో 7,380 కోట్ల రూపాయలకు ముప్ఫై ఏళ్ల పాటు ప్రైవేటు సంస్థకు లీజుకిచ్చారు. అప్పట్లో ప్రతిపక్షంలో ఉన్న రేవంత్ రెడ్డి దాన్ని కుంభకోణమన్నారు. ముఖ్యమంత్రి అయ్యాక, 2024 డిసెంబర్‌లో, సిట్ విచారణ ప్రకటించారు. సంక్రాంతి వచ్చిందంటే విజయవాడ దారిలో టోల్ ఎత్తేయాలన్న డిమాండ్ సరేసరి. పేరు ఏదైనా, కొత్త వసూలు మీద జనానికి మొదట కలిగేది అనుమానమే.

అనంతగిరి వైపు వాళ్లకు ఇంకో మాట అడిగే హక్కుంది: ముందు దారేదీ? అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల విస్తరణ, చేవెళ్ల మర్రిచెట్ల మీద గ్రీన్ ట్రిబ్యునల్‌లో నడిచిన వ్యాజ్యంతో ఏళ్ల తరబడి నిలిచిపోయింది. 2025 నవంబర్ 3న మీర్జాగూడ దగ్గర తాండూరు ఆర్టీసీ బస్సును కంకర టిప్పర్ ఢీకొని 19 మంది చనిపోయింది ఈ రోడ్డు మీదే. 2023 డిసెంబర్ 9న మహిళలకు ఉచిత ప్రయాణం మొదలయ్యాక ఆర్టీసీ బస్సులు కిక్కిరిసి నడుస్తున్నాయి. లండన్, స్టాక్‌హోమ్ రెండూ రుసుముకు తోడుగా బస్సులు పెంచాయి. ఆ పని చేయకుండా రుసుము పెడితే అది వట్టి పన్నే.

చట్టపరంగా చూస్తే వాహన పన్నూ టోలూ రాజ్యాంగంలో రాష్ట్ర జాబితాలోని 57, 59 అంశాలు. కాబట్టి ఇలాంటి రుసుము రావాలంటే తెలంగాణ శాసనసభ చట్టం చేయాలి, నగర పాలక సంస్థ తనంత తానుగా పెట్టలేదు. న్యూజెర్సీకి దక్కని వీలు వికారాబాద్ జిల్లాకు ఇక్కడ దొరుకుతుంది: నిర్ణయించే సభలో దాని ప్రతినిధులు కూర్చుంటారు. 2023 ఎన్నికల్లో కొడంగల్ గెలిపించిన రేవంత్ రెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు, వికారాబాద్ గెలిపించిన గడ్డం ప్రసాద్ కుమార్ సభాపతి అయ్యారు.