ఊళ్లో స్లాబు ఇల్లు.. సూరత్‌లో సగం మంచం!

బరంపురం: ఇల్లు కట్టాలంటే సూరత్ పోవాలి. సూరత్ పోతే ఆ ఇంట్లో ఉండడం కుదరదు. గంజాం జిల్లా కూలి కుటుంబాలు ఏళ్ల తరబడి ఈ రెంటి మధ్యే నలుగుతున్నాయి. అస్కా, పొలసర వైపు పల్లెల్లో స్లాబు ఇళ్లకు కొదవ లేదు. వాటిలో ఉండేది ముసలివాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు. కట్టించినవాడు పండక్కో పెళ్లికో వచ్చిపోయే చుట్టం!

2025 సెప్టెంబరు 27న బరంపురం నుంచి సూరత్ చెంతనున్న ఉధ్నాకు అమృత్ భారత్ రైలు మొదలైంది. పలాస, విజయనగరం, రాయగడ మీదుగా పోతుంది. సంతోషమే. కానీ కూలికి పోయేవాళ్ల కోసం ఇక్కడి నుంచి నేరుగా రైలే వేయాల్సి వచ్చిందంటే జిల్లాలో పని ఏపాటిదో వేరే చెప్పాలా?

షిఫ్టు మారితే మనిషి మారతాడు

సూరత్ పవర్‌లూమ్‌లలో లక్షలాది ఒడిశా కార్మికులున్నారు. ఎక్కువమంది గంజాం వాళ్లే. షిఫ్టు 12 గంటలు. కూలి నేసిన మీటర్ల లెక్కన. వేద్ రోడ్డు, కతార్‌గాం ప్రాంతాల్లోని మెస్సుల్లో ఒక్కో హాల్లో పదుల మంది సర్దుకుంటారు. రాత్రి ఒకరు పడుకున్న చోటే పగలు ఇంకొకరు. అద్దె అలా మిగిలితేనే ఊరికి డబ్బు వస్తుంది. అంటే ఇక్కడి స్లాబు, అక్కడ ఇల్లు లేకుండా గడిపినందుకు మిగిలిన సొమ్మన్నమాట.

2020 లాక్‌డౌన్‌లో వీళ్లు ఇంటికి పంపండంటూ సూరత్ రోడ్ల మీదకు వచ్చారు. మే నెలలో ప్రత్యేక రైళ్లలో జగన్నాథపూర్ స్టేషన్‌లో దిగారు. దిగినవాళ్లను ముందు క్వారంటైన్ కేంద్రాలకు తీసుకెళ్లారు. కట్టుకున్న ఇంటికి అప్పుడూ వెంటనే చేరలేదు! వలస కూలీల కోసం కేంద్రం అదే ఏడాది అద్దె ఇళ్ల పథకం తెచ్చింది. దాని కింద సూరత్‌లో ఖాళీగా పడివున్న ప్రభుత్వ ఫ్లాట్లు అద్దెకిచ్చారు. ఎన్ని? 393.

గిరి గారి ఊళ్లో..

కార్మిక నాయకుడు, రాష్ట్రపతి వి.వి.గిరి 1894లో పుట్టింది ఈ బరంపురంలోనే. కేంద్ర కార్మిక మంత్రిగా ఉంటూ బ్యాంకు ఉద్యోగుల వేతన తీర్పును సర్కారు మార్చినందుకు 1954లో రాజీనామా చేశారాయన. 1957లో భారత కార్మిక మహాసభ కనీస వేతనానికి లెక్క కట్టింది. ముగ్గురి తిండి, ఏడాదికి 72 గజాల బట్ట, దాంతోపాటు ఇంటద్దె. గమనించండి, అద్దె కూడా కూలిలో భాగమే!

ఒడిశాలో నైపుణ్యం లేని కూలీకి 2024లో రోజుకు రూ.450 ఖరారు చేశారు. 26 రోజులకు రూ.11,700. తిండి, బడి, మందులు పోగా అద్దెకు మిగిలేదెంత? ఇక స్థలం కొనే మాట ఎక్కడిది? డబ్బు మిగిలినవాడికి స్థలం దాచుకునే ఆస్తి, లేనివాడికి తలదాచుకునే చోటు. బజార్లో మాత్రం ఇద్దరికీ ఒకటే ధర. థామస్ పికెటీ బృందం 2024లో వేసిన లెక్క ప్రకారం 2022-23లో దేశ సంపదలో 40 శాతం పైబడిన ఒక్క శాతం మంది చేతిలో ఉంది. సంపద పన్నును 2015 బడ్జెట్‌లోనే ఎత్తేశారు.

మగ్గం గుంట తవ్వనిస్తారా?

ఊరు వదలనివాళ్లకూ ఇంటి బాధ తప్పలేదు. బరంపురం పట్టుకు పేరు తెచ్చింది గోదావరి వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ నేత కుటుంబాలు. నేతగాడికి ఇల్లే కార్ఖానా. గుంట మగ్గం వేయాలంటే నేల తవ్వాలి, పడుగు చాపడానికి పొడవు కావాలి. అద్దింట్లో గచ్చు పగలగొట్టనిచ్చే యజమాని ఎవరు? సొంతిల్లు అన్నదమ్ముల మధ్య ముక్కలైతే మగ్గానికి చోటుండదు. పట్టుచీరకు భౌగోళిక గుర్తింపైతే వచ్చింది. మగ్గం పెట్టుకునే చోటు సంగతి ఆ కాగితంలో లేదు.