పసిపిల్లల చదువునకు జంతువుల బొమ్మల పుస్తకములు

బడికి గది కట్టించుట, ప్రహరీ గోడ లేపించుట, త్రాగునీటి వసతి కల్పించుట మొదలైన పనులు కంటికి కనిపించును. అవి ఎంతవరకు వచ్చినవో పంచాయతీ సభ్యులు స్వయముగా చూచి చెప్పగలరు. ఆ గోడల నడుమ కూర్చున్న పిల్లవానికి చదువు ఎంత అబ్బినదో చెప్పుట అంత సులభము కాదు. రెండవ తరగతి బాలుడు పాఠమును గడగడ చదివినచో తల్లిదండ్రులు సంతోషింతురు. చూడవచ్చిన పెద్దలును తల ఊపి పోవుదురు. పుస్తకము మూసి, "ఇప్పుడు చదివినదానిలో ఏమి జరిగినది నాయనా?" అని అడిగినప్పుడు వాడు తెల్లబోయి చూచుట మాత్రము తరచు సంభవించుచున్నది. అక్షరములు వచ్చినవి, అర్థము రాలేదు.

ఈ రెండును వేరు వేరు శక్తులు. అక్షరములను కూడబలికి పలుకుట ఒకటి, మాటలను విని గ్రహించుట మరియొకటి. చదివి తెలిసికొనుట ఈ రెండింటి గుణకారము వంటిదని 1986లో గఫ్, టన్మర్ అను విద్వాంసులు వివరించిరి. గుణకారమున ఒక అంకె సున్న అయినచో ఫలితమును సున్నయే కదా! మన తెలుగు లిపి విషయమున మరియొక చిక్కు కలదు. మన వ్రాత చాలవరకు పలికినట్లే ఉండును. కావున గుణింతములు, ఒత్తులు పట్టువడిన పిల్లవాడు తనకు బొత్తిగా తెలియని మాటనైనను తప్పులేకుండ చదివివేయగలడు. ఇది మన లిపికున్న మంచి గుణమే. పెద్దలను ఏమరపాటున పడవేయునదియు ఇదియే.

అర్థము చేసికొనుట నేర్పుటకు, పిల్లవానికి ముందే తెలిసిన లోకమునుండి బయలుదేరుట మేలు. చెరువులో దిగిన గేదె ఎంత పిలిచినను ఏల రాదో, గ్రద్ద నీడ పడినంతనే కోడిపెట్ట రెక్కలు విప్పి పిల్లలను ఎట్లు దాచుకొనునో, పల్లెలో పెరిగిన అయిదేండ్ల బిడ్డకు ఎవరును చెప్పనక్కరలేదు. అట్టి బిడ్డ చేతికి అవే జంతువులున్న బొమ్మల పుస్తకము వచ్చినప్పుడు కొత్తవి అక్షరములు మాత్రమే, సంగతి పాతదే. ఒకేసారి రెండు కొత్తలతో పెనుగులాడవలసిన పని ఉండదు.

ఈ ఉపాయము నేటిది కాదు. 1658లో కొమీనియస్ అను ఐరోపా విద్యావేత్త వెలువరించిన బొమ్మల పుస్తకములో అక్షరమాలను కాకి, గొఱ్ఱెపిల్ల మున్నగువాని కూతలతో జతపరచెను. మన పంచతంత్రము సంగతి వేరుగ చెప్పవలెనా? దానిలోని కథలను 1853లో చిన్నయసూరి నీతిచంద్రికగా తెలుగు చేసెను. ఆ భాష పసివారికి కొరుకుడు పడునది కాదు గాని, ఆ నక్కలు, కాకులు, ఎలుకలు అవ్వల నోట నేటికిని బ్రతికియే ఉన్నవి.

ఒక కథ తీసికొందము. నేరేడు చెట్టుమీది కోతితో మొసలి స్నేహము చేసెను. మొసలి భార్య ఆ కోతి గుండెను తినగోరెను. మొసలి కోతిని వీపున ఎక్కించుకొని నడినీటికి పోయిన పిమ్మట అసలు సంగతి బయటపెట్టెను. అంతట కోతి, తన గుండెను చెట్టుమీదనే ఉంచి వచ్చితినని చెప్పగా మొసలి వెనుకకు మరలెను. ఈ కథ చదివిన పిల్లవానిని "కోతి గుండె ఎక్కడ ఉన్నది?" అని అడిగి చూడుడు. "చెట్టుమీద" అని బదులు వచ్చినచో వాడు అక్షరములు చదివినాడే గాని కథ చదువలేదు. పుస్తకమున ఉన్న మాట నిజముగా అదియే. కోతి బొంకినదని ఎక్కడను వ్రాసియుండకపోవచ్చును. ఆ సంగతి పిల్లవాడే పట్టుకొనవలెను. అప్పుడు వానిని కోప్పడక, "నీ గుండె ఎక్కడ కొట్టుకొనుచున్నదో చేయి పెట్టి చూడుము. దానిని తీసి చెట్టుమీద పెట్టి రాగలవా? మరి కోతి అట్లేల చెప్పినది?" అని అడుగవలెను. బొమ్మలో కోతి ముఖము చూపి, "దీనికి భయమా, ధైర్యమా?" అని అడుగవలెను. వ్రాయని దానిని వ్రాసిన దానినుండి తెలిసికొనుట పిల్లవానికి ఆ క్షణమున అలవడును. రేపు వాడు పెద్దవాడై అప్పు పత్రముమీద సంతకము చేయునపుడు కావలసిన తెలివి కూడ ఇదియే.

అడుగు తీరులోనే కిటుకు ఉన్నది. "ఇది ఏమి?" అన్నచో "కుక్క" అను మాటతో సంభాషణ ముగియును. "కుక్క తోకను కాళ్ల సందున ఏల పెట్టుకొన్నది? పుట త్రిప్పినచో ఏమగునని నీకు తోచుచున్నది?" అన్నచో పిల్లవాడు ఆలోచించి తీరవలెను. వాడు "భయము" అని ఒక్క మాట చెప్పినచో, పెద్దవారు "అవును, పులిని చూచి కుక్క భయపడినది" అని దానిని వాక్యముగా పెంచి, మరల వానిచేత చెప్పింపవలెను. 1988లో అమెరికాలో వైట్‌హర్స్ట్ అను పరిశోధకుడును, ఆయన సహచరులును రెండు మూడేండ్ల బిడ్డల తల్లిదండ్రులకు ఇట్టి పద్ధతి నేర్పి పరీక్షించిరి. నెల దినములలోనే ఆ బిడ్డలు, మామూలుగా చదివి వినిపింపబడిన బిడ్డలకంటె మాటాడు శక్తిలో ముందుకు పోయిరి. చదువురాని తల్లియు ఈ పని చేయగలదు. బొమ్మను చూచి ప్రశ్న వేయుటకు అక్షరములు రానక్కరలేదు.

పేర్ల విషయమున పట్టుదల కూడదు. పుస్తకము గేదె అనును. ఇంటిలో కొందరు బర్రె అందురు, కొందరు ఎనుము అందురు. బిడ్డ ఇంటి మాటను తప్పని త్రోసివేసినచో నోరు మూసికొనును. రెండు మాటలును చెప్పనిచ్చినచో రెండును వానివే అగును. కోయ, గోండి మున్నగు భాషలు మాటాడు ఇండ్ల పిల్లలకు బొమ్మలోని కథను ముందు తమ భాషలోనే చెప్పనిచ్చి, పిదప తెలుగు మాటలకు రావలెను.

ఇక పుస్తకములు. ఏనుగు, ఒంటె, సింహము అని పేర్లు వేసి గోడకు తగిలించు పటములు పుస్తకములు కావు. అవి మాటలు నేర్పును గాని, కథ లేనిచోట "ఎందుకు" అను ప్రశ్నకు తావుండదు. పుటకు ఒకటి రెండు వాక్యములు, పెద్ద బొమ్మ, మొదలును చివరయు గల చిన్న కథ ఉన్న చాలును. 1957లో ఏర్పడిన నేషనల్ బుక్ ట్రస్టు పిల్లలకొరకు తెలుగులోను పుస్తకములు వెలువరించినది. ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో ఆరంభించిన స్టోరీవీవర్ అను వేదికలో తెలుగు బొమ్మల కథలను ఉచితముగా చదువవచ్చును. అచ్చు వేసికొనుటకును అనుమతి కలదు.

ఇది ఉపాధ్యాయుల పని గదా, పంచాయతీకేమి అని కొందరు మాతో అన్నారు. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ చేర్చిన పదునొకండవ షెడ్యూలులో ప్రాథమిక విద్య, గ్రంథాలయములు, స్త్రీ శిశు అభివృద్ధి మూడును పంచాయతీలకు అప్పగింపదగిన అంశములుగా ఉన్నవి. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వము చేపట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమము, 2026-27 నాటికి మూడవ తరగతి ముగించు ప్రతి బిడ్డయు చదివి అర్థము చేసికొనగలుగుటను లక్ష్యముగా పెట్టుకొన్నది. పుస్తకములు లేకపోవుటకంటె, ఉన్నవి చినుగునను భయమున బీరువాలో పెట్టి తాళము వేయుట వలన కలుగు నష్టము తక్కువది కాదని మా అభిప్రాయము. పిల్లల చేయి అందు ఎత్తున త్రాడు కట్టి వానిని వ్రేలాడదీయుటకు పెద్ద ఖర్చు లేదు. చినిగినవానికి బదులు కొత్తవి తెప్పించుటకు సంవత్సరమునకు కొంత సొమ్ము కేటాయింపవచ్చును. సాయంకాలము ఒక గంట అంగన్‌వాడీలోనో, రచ్చబండ వద్దనో పిల్లల నడుమ కూర్చుండి చదివి వినిపించుటకు, పది చదివి ఇంటనున్న యువతీయువకులు దాదాపు ప్రతి గ్రామమునను దొరకుదురు.

సభ్యులు బడికి పోవునపుడు, పిల్లలు మునుపు చూడని బొమ్మల పుస్తకము ఒకటి వెంట తీసికొని పోవుట మంచిది. పాఠ్యపుస్తకమైనచో కంఠస్థము చేసినదే వినవలసివచ్చును. ఒక బిడ్డచేత రెండు పుటలు చదివించి, తరువాత ఏమగునో, ఎందుకు అగునో అడుగుడు. జవాబు రాలేదని అక్కడ ఎవరిని నిందింపరాదు. పుస్తకమును ఆ బిడ్డ చేతిలోనే వదలి, పదునైదు దినముల తరువాత మరల పోయి, కథ ఏమైనదని వానినే చెప్పుమనుడు.