మోడల్ జెట్‌లో సర్వో బలం బ్యాటరీ దగ్గరే మొదలవుతుంది

సర్వో మోటారు పెట్టె మీద పెద్ద అక్షరాలతో ‘25 కిలోలు’ అని రాసి ఉంటుంది. రేడియో నియంత్రణతో ఎగిరే మోడల్ విమానాలు కొత్తగా తయారు చేసుకునేవాళ్లు చాలామంది ఆ అంకె చూసి సర్వో కొనేస్తారు. దానికి కరెంటు ఎక్కడి నుంచి వస్తుందన్న సంగతి చివర్లో ఆలోచిస్తారు. ప్రొపెల్లర్‌తో నెమ్మదిగా ఎగిరే ట్రైనర్ విమానానికి ఆ పద్ధతిలో కూడా పని నడిచిపోతుంది. ఎన్‌సీసీ వైమానిక విభాగంలో ఏరోమోడలింగ్ నేర్చుకున్న విద్యార్థులకు అలాంటి విమానాలు బాగా తెలిసే ఉంటాయి. జెట్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం లెక్క మారిపోతుంది. పొట్టలో రెండు మూడు లీటర్ల కిరోసిన్ నింపుకొని, సెకనుకు 80 మీటర్లు, అంటే గంటకు దాదాపు 290 కిలోమీటర్ల వేగంతో దూసుకుపోయే 12 కిలోల వస్తువు అది. దాని మీద అదుపు రెండు సెకన్లు తప్పితే 160 మీటర్లు దానంతటది వెళ్లిపోతుంది. ఢిల్లీ చుట్టుపక్కల అంత దూరం మనుషులు, ఇళ్లు, రోడ్డు లేని మైదానం దొరకడమే కష్టం.

పెట్టె మీది అంకె ఏం చెబుతుంది?

25 కిలోలు అంటే ఆ సర్వో 25 కిలోల బరువు ఎత్తుతుందని కాదు. సర్వో ఇరుసు నుంచి ఒక సెంటీమీటరు దూరంలో అది 25 కిలోల బలం చూపగలదని అర్థం. అదే చేయి రెండు సెంటీమీటర్లయితే బలం సగానికి, పన్నెండున్నర కిలోలకు పడిపోతుంది. దీన్నే టార్క్ అంటారు. ఇక్కడ గమనించాల్సిన విషయాలు రెండున్నాయి. మొదటిది, ఆ అంకె సాధారణంగా ఆ సర్వో తట్టుకోగల గరిష్ఠ వోల్టేజి దగ్గర, అంటే 7.4 లేదా 8.4 వోల్టుల దగ్గర ఇచ్చింది. 6 వోల్టులు ఇస్తే బలమూ వేగమూ రెండూ తగ్గుతాయి. రెండోది, అది మోటారు ఇక తిరగలేక ఆగిపోయే చోట కొలిచిన బలం. మోటారు అత్యధిక కరెంటు లాగేది కూడా సరిగ్గా అక్కడే.

మరి జెట్‌కు నిజంగా ఎంత టార్క్ కావాలి? ఒక ఐలెరాన్ తీసుకుందాం. రెక్క వెనుక అంచున ఉండి, విమానాన్ని పక్కలకు వంచే పలక అది. పొడవు 40 సెంటీమీటర్లు, వెడల్పు 6 సెంటీమీటర్లు అనుకుందాం. గాలి సాంద్రతలో సగాన్ని వేగం వర్గంతో గుణిస్తే గాలి తాకిడి పీడనం వస్తుంది. సెకనుకు 80 మీటర్ల దగ్గర అది సుమారు 3,840 పాస్కళ్లు. దాన్ని పలక వైశాల్యంతోనూ వెడల్పుతోనూ గుణించి, 15 డిగ్రీలు వంచినప్పటి గుణకం 0.15 అనుకుంటే, కీలు దగ్గర దాదాపు 0.83 న్యూటన్ మీటర్లు వస్తుంది. సర్వో భాషలో చెప్పాలంటే ఎనిమిదిన్నర కిలో-సెంటీమీటర్లు. అదే పలక సెకనుకు 40 మీటర్ల వేగంలో ఉంటే కావలసింది రెండు కిలో-సెంటీమీటర్ల పైచిలుకే. వేగం రెట్టింపయితే భారం నాలుగు రెట్లవుతుంది. ట్రైనర్ అనుభవంతో జెట్‌కు సర్వో ఎంచుకుంటే పొరపాటు జరిగేది ఇక్కడే.

సర్వో చేయి పొడవు 12 మిల్లీమీటర్లు, పలకకు బిగించిన కొమ్ము ఎత్తు 18 మిల్లీమీటర్లు అయితే సర్వో మీద పడే భారం మూడింట రెండు వంతులకు, 5.6 కిలో-సెంటీమీటర్లకు తగ్గుతుంది. దానికి బదులుగా సర్వో ఎక్కువ కోణం తిరగాలి. తిరగనివ్వండి, దాని పనే అది. పొడవైన చేయి బిగించి, పలక ఎక్కువ కదులుతోందని ట్రాన్స్‌మిటర్‌లో కదలికను సగానికి తగ్గించేవాళ్లు ఉన్నారు. డబ్బు పోసి కొన్న బలాన్ని, సూక్ష్మతను చేజేతులా సగం పారేసుకోవడమే అది. ఒక పలకకు ఆరు కిలో-సెంటీమీటర్లు అవసరమని లెక్క తేలితే, మోటారును ఆగిపోయే స్థితికి దగ్గర చేయకూడదు కాబట్టి 15 నుంచి 20 వరకు ఉన్న సర్వో తీసుకోవడం సమంజసం. ఎఫ్-16 నమూనాలో లాగా తోక పలక మొత్తం తిరిగే విమానాలకు మాత్రం ఇంకా ఎక్కువ కావాలి, ఇరుసు ఎక్కడ పెట్టారన్నది కూడా అక్కడ కీలకం.

బలం కంటే ముందు వదులు చూడాలి

నా మట్టుకు నేను రెండు సర్వోలలో ఒకటి ఎంచుకోమంటే, ఎక్కువ టార్క్ ఉన్నదాన్ని పక్కనపెట్టి పళ్లచక్రాల్లో వదులు తక్కువున్నదాన్నే తీసుకుంటాను. పలకను వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ కదిపితే సర్వో కదలకుండా పలక మాత్రం కాస్త ఆడుతుంది చూడండి, ఆ వదులే. కొమ్ము దగ్గర 0.2 మిల్లీమీటర్ల వదులుంటే ఆరు సెంటీమీటర్ల పలక వెనుక అంచు దగ్గర అది 0.67 మిల్లీమీటర్లవుతుంది. చూడటానికి చిన్నదే. కానీ ఒక వేగం దాటాక గాలి ఆ వదులును పట్టుకుని పలకను సెకనుకు పదుల సార్లు కొట్టడం మొదలుపెడుతుంది. ప్రతి ఊపుకీ గాలి నుంచి మరింత శక్తి అందుతుంది. దీన్ని ఫ్లట్టర్ అంటారు. ఒకసారి మొదలైతే పలక ఊడిపోవడానికి ఒకటి రెండు సెకన్లు చాలు. ఇది బొమ్మ విమానాల సమస్య మాత్రమే కాదు. 1916లో బ్రిటన్‌లో హ్యాండ్లీ పేజ్ బాంబర్ తోక ఇలా కొట్టుకోవడంతోనే ఈ విషయం మీద శాస్త్రీయ పరిశోధన మొదలైంది.

అందుకే లోహపు పళ్లచక్రాలు, ఇరుసుకు రెండు వైపులా బేరింగులు, వంగని కడ్డీ, బిగుతైన బాల్ జాయింట్లు తప్పనిసరి. సర్వోను పలుచని ప్లాస్టిక్ మూతకు కాకుండా రెక్కలోని గట్టి చెక్కకు బిగించాలి. గుడ్డ కీళ్లు, టేపు కీళ్లు ట్రైనర్లకే వదిలేయండి.

కరెంటు దారిలో ఎక్కడ పోతుంది?

ఓ మోస్తరు జెట్‌లో ఐలెరాన్లకు రెండు, ఫ్లాపులకు రెండు, ఎలివేటర్లకు రెండు, రడ్డర్‌కు ఒకటి, ముందు చక్రానికి ఒకటి, మొత్తం ఎనిమిది సర్వోలుంటాయి. మామూలుగా ఎగిరేటప్పుడు అన్నీ కలిసి రెండు మూడు ఆంపియర్లు లాగుతాయి. కానీ వేగంగా దిగుతూ ఒక్కసారిగా స్టిక్ లాగినప్పుడు పెద్ద సర్వో ఒక్కొక్కటి క్షణకాలం నాలుగేసి ఆంపియర్లు అడగవచ్చు. ఎనిమిదీ అడిగితే 32 ఆంపియర్లు. బ్యాటరీ అది ఇవ్వలేకపోతే వోల్టేజి పడిపోతుంది. సర్వో బలహీనపడటంతో అది ఆగదు. రిసీవర్ కూడా అదే బ్యాటరీ మీద బతుకుతుంది కదా. వోల్టేజి ఒక హద్దు కిందికి పోతే రిసీవర్ ఆగి మళ్లీ మొదలవుతుంది. ‘సిగ్నల్ పోయింది’ అని చెప్పుకునే ప్రమాదాల్లో రేడియోది ఏ తప్పూ లేనివి కొన్నుంటాయి.

ఇప్పుడు తీగ సంగతి. 26 గేజ్ రాగి తీగ నిరోధం మీటరుకు సుమారు 0.13 ఓమ్‌లు. రెక్క చివరి దాకా ఒక మీటరు తీగ వేస్తే, పోవడానికీ రావడానికీ కలిపి రెండు మీటర్లు. ఐదు ఆంపియర్లు పారితే 1.3 వోల్టులు తీగలోనే పోతాయి. 22 గేజ్ తీగ వేస్తే పోయేది అర వోల్టే. 7.4 వోల్టుల సర్వో కొని దానికి ఆరు వోల్టులు అందించడం అంటే ఇదే. తీగ కొనేటప్పుడు ఇంకో జాగ్రత్త ఉంది. ఎర్రకోట ఎదురుగా ఉన్న లాజ్‌పత్ రాయ్ మార్కెట్‌లోనైనా, ఆన్‌లైన్‌లోనైనా చవకగా దొరికే తీగల్లో అల్యూమినియం మీద రాగి పూత వేసినవి కలిసి ఉంటాయి. వాటి నిరోధం రాగి కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు. కొస కత్తితో గీకి చూస్తే లోపల తెల్లగా కనిపిస్తుంది.

కనెక్టర్లది కూడా ఇదే కథ. సర్వోకు వచ్చే మూడు పిన్నుల చిన్న ప్లగ్ ఒక సర్వోకు సరిపోతుంది. మొత్తం విమానానికి కావలసిన కరెంటును బ్యాటరీ నుంచి రిసీవర్‌కు ఆ ఒక్క ప్లగ్ ద్వారా పంపితే అదే బలహీనమైన చోటవుతుంది. పెద్ద జెట్‌లలో ‘పవర్ బాక్స్’ అనే పంపిణీ పెట్టె వాడేది అందుకే. బ్యాటరీల కరెంటు లావు తీగలతో నేరుగా దానికి వస్తుంది, అక్కడి నుంచి ఒక్కో సర్వోకు వెళుతుంది. రిసీవర్ గుండా సంకేతం మాత్రమే పోతుంది.

రెండు బ్యాటరీలు, రెండు ఋతువులు

తేజస్ యుద్ధ విమానంలో పలకలను నడిపే ఫ్లై-బై-వైర్ వ్యవస్థను నాలుగు సమాంతర మార్గాలతో రూపొందించారు. ఒకటి చెడితే మిగతావి పని చేస్తాయి. మోడల్ జెట్‌లో అంత కుదరదు గానీ రిసీవర్‌కూ సర్వోలకూ రెండు బ్యాటరీలు పెట్టడం కుదురుతుంది. ఒక దానిలోని కరెంటు రెండో దానిలోకి పారకుండా మధ్యలో డయోడ్ లాంటి ఏర్పాటు ఉండాలి. ఈ రెండింటికీ సంబంధం లేకుండా ఇంజిన్‌కు మరో బ్యాటరీ. టర్బైన్‌లో ఇంధన పంపు, స్టార్టర్, నియంత్రణ పెట్టె అన్నీ దాని మీదే నడుస్తాయి. అది అయిపోతే ఇంజిన్ ఆగుతుంది, విమానం గ్లైడర్‌లా దిగవచ్చు. సర్వోల బ్యాటరీ అయిపోతే దిగడానికి ఏమీ మిగలదు.

టర్బైన్ బదులు విద్యుత్ ఫ్యాన్ వాడే చిన్న జెట్‌లలో స్పీడ్ కంట్రోలర్ నుంచే సర్వోలకు ఐదు వోల్టులు తీసుకునే వీలుంటుంది. తక్కువ బరువు, తక్కువ ఖర్చు. అయినా వద్దంటాను. 90 మిల్లీమీటర్ల ఫ్యాన్ పూర్తి వేగంలో 90 ఆంపియర్ల దాకా లాగుతుంటే ఆ కంట్రోలర్ అప్పటికే కాలిపోతూ ఉంటుంది. వేరే బ్యాటరీకి అయ్యే బరువు 100 నుంచి 150 గ్రాములే.

ఏ రకం బ్యాటరీ అన్నదానికి ఢిల్లీ వాతావరణమే పరీక్ష పెడుతుంది. మే మధ్యాహ్నం 45 డిగ్రీలు. నిలిపిన కారులో అంతకంటే చాలా ఎక్కువ. లిథియం పాలిమర్ బ్యాటరీకి 60 డిగ్రీలు దాదాపు హద్దు కాబట్టి దాన్ని కారులో వదిలి భోజనానికి వెళ్లకూడదు. అప్పుడు ఇబ్బంది పడే ఇంకో భాగం రెగ్యులేటర్. 8.4 వోల్టులను 6 వోల్టులకు దించే పాతరకం లీనియర్ రెగ్యులేటర్ ఐదు ఆంపియర్ల దగ్గర 12 వాట్ల వేడి పుట్టిస్తుంది, గాలాడని విమానం కడుపులో. 7.4 వోల్టుల సర్వోలు కొని రెండు సెల్‌ల బ్యాటరీ నుంచి నేరుగా ఇస్తే రెగ్యులేటర్ అవసరమే ఉండదు. 8.4 వోల్టులు తట్టుకుంటాయా అన్నది ముందు చూసుకోవాలి. తట్టుకోని సర్వోలైతే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్‌లు రెండు వాడవచ్చు, వాటి నామమాత్రపు వోల్టేజి 6.6.

వేసవే కష్టకాలమని అనిపిస్తుంది గానీ సర్వోల లెక్కలో జనవరి ఉదయమే గడ్డుది. 8 డిగ్రీల చలిలో గాలి మే మధ్యాహ్నం కంటే దాదాపు ఎనిమిదో వంతు చిక్కగా ఉంటుంది. అదే వేగానికి పలకల మీద అంత భారమూ పెరుగుతుంది. సరిగ్గా అప్పుడే చల్లబడిన బ్యాటరీ లోపలి నిరోధం పెరిగి, కరెంటు అడగ్గానే వోల్టేజి జారుతుంది. ఐరన్ ఫాస్ఫేట్ సెల్‌లకు చలి ఇంకా పడదు. ఎగరేసే దాకా బ్యాటరీని కోటు జేబులో పెట్టుకోవడం పాత చిట్కా, కానీ పనిచేసే చిట్కా. వేసవిలో పలుచబడిన గాలి వల్ల ఇంజిన్ తోపు తగ్గి, నేల విడిచే వేగం 6-7 శాతం పెరుగుతుంది. అందుకే రన్‌వే పొడవుకు మాత్రం మే లెక్కే చూడాలి.

ఎగరేసే ముందు

2021 ఆగస్టు 25న వెలువడిన డ్రోన్ నియమాల ప్రకారం 25 కిలోల లోపు బరువుండి, కంటిచూపు మేరలో, చదువుకో పరిశోధనకో సరదాకో ఎగరేసే నమూనా విమానాలకు టైప్ సర్టిఫికెట్ అవసరం లేదు. ఎక్కడైనా ఎగరేయవచ్చని దానర్థం కాదు. డిజిటల్ స్కై పటంలో ఎరుపు ప్రాంతమైతే కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి, ఢిల్లీలో అలాంటి చోట్లు ఎక్కువ. గణతంత్ర దినోత్సవం, స్వాతంత్ర్య దినోత్సవం ముందు ఢిల్లీ పోలీసులు విడిగా నిషేధాజ్ఞలు ఇస్తారు. పటం చూడకుండా బయల్దేరవద్దు.

ఇంటి దగ్గర చేయదగ్గ పరీక్ష ఒకటుంది. బ్యాటరీ సగం వాడేశాక రిసీవర్ దగ్గర వోల్ట్‌మీటర్ పెట్టి, రెండు స్టిక్‌లనూ గిరగిరా తిప్పుతూ అన్ని సర్వోలనూ ఒకేసారి కదపండి. పలకలను ఎవరైనా చేత్తో కాస్త అడ్డుకుంటే ఇంకా మంచిది. అంకె ఒక వోల్టు కంటే ఎక్కువ జారితే తీగలో, ప్లగ్‌లో, బ్యాటరీలో ఎక్కడో లోపముంది. అయితే మామూలు మీటర్ నెమ్మదైనది, క్షణకాలం పడిపోవడాన్ని పట్టుకోలేదు. కనిష్ఠ వోల్టేజిని గుర్తుపెట్టుకునే టెలిమెట్రీ ఉంటే అది వాడండి. సంకేతం పోతే టర్బైన్ ఆగిపోయేలా ఫెయిల్‌సేఫ్ పెట్టి, ట్రాన్స్‌మిటర్ ఆపి నిజంగా ఆగుతోందో లేదో నేల మీదే చూడాలి.

మొదటి ఎగురుళ్ల తర్వాత ఛార్జర్ చూపే అంకెను రాసిపెట్టుకోండి. ఎనిమిది నిమిషాలకు సగటున 2.5 ఆంపియర్లు పోతే ఖర్చు 330 మిల్లీ ఆంపియర్ గంటల చుట్టూ ఉండాలి. 2,500 సామర్థ్యమున్న బ్యాటరీతో నాలుగు సార్లు ఎగరేసి ఆపేస్తే సగం దాకా మిగులుతుంది. ఒకరోజు ఎప్పుడూ లేనిది 500 చూపిస్తే బ్యాటరీని అనుమానించకండి. ఎక్కడో ఒక కడ్డీ ఒరుసుకుంటోంది, లేదా ఒకే పలకను తిప్పే రెండు సర్వోలు ఒకదానితో ఒకటి పెనుగులాడుతున్నాయి. ఎనిమిదింటినీ ఒక్కొక్కటిగా విప్పి, ఏది వేడెక్కిందో చేత్తో తాకి చూడండి.