ఏడు, మూడు, రెండు: కుండీ మట్టి పుట్టిన కథ

కుండీ అడుగున చిల్లుంది. పోసిన నీళ్లు పళ్లెంలోకి కారాయి, కారడం ఆగింది కూడా. మర్నాడు పొద్దున మొక్కను మట్టిగడ్డతో సహా పైకి లాగి చూస్తే పైమట్టి పొడిపొడిగా రాలుతుంది, అడుగు మట్టి మాత్రం పిండితే నీళ్లు వచ్చేంత ముద్దగా ఉంటుంది. వేళ్లు కుళ్లడం మొదలయ్యేది అక్కడే. చిల్లు తెరిచే ఉండగా ఆ నీళ్లు ఎందుకు దిగిపోలేదు? క్లాసులో సైన్సు మాస్టారిని అడగాల్సిన ప్రశ్న ఇది. మిద్దెతోటల్లో మాత్రం దీనికి ఒక రెడీమేడ్ వైద్యం చలామణిలో ఉంది. అడుగున రెండంగుళాల మందాన గులకరాళ్లో, పగిలిన కుండ పెంకులో పరవడం. దాంతో నీరు బాగా దిగుతుందని నమ్మకం.

దిగదు. పైగా తడి ఇంకాస్త పైకెక్కి వేళ్లకు దగ్గరవుతుంది.

ఎలాగంటే, మట్టి రేణువుల మధ్య సందులన్నీ సన్నని గొట్టాలుగా పనిచేస్తాయి. హైస్కూలు పుస్తకం దీన్ని కేశనాళికీయత అంటుంది. సందు ఎంత సన్నగా ఉంటే నీటిని అంత ఎత్తు వరకు పట్టి ఆపుతుంది. ఒక మిల్లీమీటరు వెడల్పున్న సందు దాదాపు 3 సెంటీమీటర్ల ఎత్తు నీటిని కిందకు జారకుండా మోస్తుంది. అందులో పదోవంతు, అంటే 0.1 మిల్లీమీటరు సందు, దాదాపు 30 సెంటీమీటర్ల ఎత్తును మోస్తుంది. ఇప్పుడు 20 సెంటీమీటర్ల కుండీలో బంకమట్టి నింపారనుకోండి. దాని సందుల్లో చాలాభాగం ఈ రెండో రకానివి, ఇంకా సన్ననివి కూడా. వాటి పట్టు కుండీ ఎత్తుకంటే ఎక్కువ. కుండీ మొత్తం తడిసి అలాగే ఉండిపోతుంది.

ఇదే మట్టి పొలంలో ఉన్నప్పుడు ఈ ఇబ్బంది రాదు. అక్కడ మట్టి కిందకు మీటర్ల కొద్దీ సాగిపోతుంది, తడి పేరుకునే పొర వేళ్లకు అందనంత లోతున ఉంటుంది. కుండీ చేసే పనల్లా ఆ మట్టి స్తంభాన్ని జానెడు లోతులో అడ్డంగా కోసెయ్యడం. కోసిన చోట గాలి తగులుతుంది. అక్కడి నీరు చుక్కగా మారి బయటపడాలంటే వెనకనుంచి ఎంతో కొంత ఒత్తిడి ఉండాలి. పైనున్న సందులు ఆ నీటిని తమవైపు లాగుతున్నంతసేపూ చుక్క రాలదు. అందుకే చిల్లుల సంఖ్య పెంచినా, ఆఖరికి కుండీ అడుగు మొత్తం తీసేసి జల్లెడ బిగించినా, తడిపొర మందం అంతే ఉంటుంది. ఆ మందాన్ని నిర్ణయించేది రేణువుల పరిమాణం ఒక్కటే.

మరి గులకరాళ్లు వేస్తే? మట్టిలోని సన్న సందులు గట్టిగా లాగుతాయి, రాళ్ల మధ్య పెద్ద ఖాళీలు దాదాపు లాగవు. కాబట్టి రాళ్లకు ఆనుకున్న మట్టి పూర్తిగా నిండేవరకు నీరు రాళ్లలోకి దిగదు. మామూలుగా కుండీ అడుగున ఉండాల్సిన తడిపొర రాళ్ల నెత్తిమీదకు మకాం మారుస్తుంది. 20 సెంటీమీటర్లలో ఐదు రాళ్లకు పోగా మిగిలిన పదిహేనులో అదే మందం తడి. వేళ్లకు మిగిలే జాగా తగ్గింది, అంతే.

గోల్ఫ్ మైదానాలు కట్టేవాళ్లు ఈ గుణాన్నే ఎదురు తిప్పి వాడుకున్నారు. అమెరికా గోల్ఫ్ సంఘం 1960లో ప్రకటించిన పద్ధతిలో గడ్డి పెరిగే ఇసుక పొర 30 సెంటీమీటర్లు, దాని కింద గులకరాళ్ల పొర 10 సెంటీమీటర్లు. రాళ్లు కింద ఉన్నందువల్లే ఇసుకలో కాస్త నీరు నిలిచి గడ్డికి అందుతుంది. పెద్ద వాన కురిస్తే మాత్రం అదనపు నీరంతా రాళ్లలోకి ఒక్కసారిగా దిగిపోతుంది. కుండీలో తోటమాలి ఏ ప్రయోజనం ఆశించి రాళ్లు వేస్తున్నాడో, మైదానంలో సరిగ్గా దానికి ఉల్టా ప్రయోజనం కోసం వేశారు.

నమ్మకం కుదరకపోతే గిన్నెలు తోమే స్పాంజి చాలు. బాగా నానబెట్టి, జల్లెడ మీద బల్లపరుపుగా పడుకోబెట్టి, చుక్కలు ఆగేదాకా చూడండి. ఆగాక దాన్ని నిలువుగా నిలబెట్టండి. మళ్లీ కారుతుంది! స్పాంజి అదే, నీళ్లు అవే. మారింది ఎత్తు మాత్రమే. పొట్టి కుండీలో వేళ్లు ఎందుకు త్వరగా కుళ్లుతాయో, అదే మట్టి పొడుగు కుండీలో ఎందుకు బాగుంటుందో ఆ రెండో విడత చుక్కల్లోనే ఉంది.

కుండీలో పెరగాల్సిన మొక్కకు పొలం మట్టి పనికిరాదన్నమాట. వేరే మట్టి తయారు చెయ్యాలి. శతాబ్దాల తరబడి యూరపు తోటమాలులు ఆ పని తమకు తోచినట్టు చేశారు. ఒక్కో మొక్కకు ఒక్కో మిశ్రమం. ఆకు ఎరువు ఇంత, గోడ పెళ్లల సున్నం ఇంత, పాత పేడ ఇంత. పెద్ద బంగళాల తోటమాలి తన పాళ్లు ఎవరికీ చెప్పేవాడు కాదు. మన ఆవకాయ కొలతల దగ్గర కూడా అంత గోప్యత ఉండదేమో. ఈ రహస్యాల దుకాణాన్ని మూయించింది లండన్ శివారులోని మెర్టన్‌లో ఒక జన్యుశాస్త్ర సంస్థ. అసలు ఆ సంస్థ పని మట్టి కానే కాదు.

జాన్ ఇన్నిస్ అనే వ్యాపారి 1904లో చనిపోతూ రాసిపోయిన ఆస్తితో 1910లో ఆ సంస్థ మొదలైంది. తొలి డైరెక్టర్ విలియం బేట్సన్. తర్వాతి కాలంలో జె.బి.ఎస్. హాల్డేన్ అక్కడ పనిచేశాడు. భారతీయ దుస్తుల్లో కలకత్తా, భువనేశ్వర్‌లలో తిరిగి, మన జన్యుశాస్త్రవేత్త ద్రోణంరాజు కృష్ణారావుకు గురువైన హాల్డేనే. చెరకు మీద పరిశోధన చేసిన జానకి అమ్మాళ్ కూడా 1940లలో ఆ సంస్థలోనే ఉన్నారు. అలాంటి చోట ప్రైమ్యులా సైనెన్సిస్ అనే పూలమొక్కను తరాల తరబడి పెంచి, ఏ గుణం ఎలా సంక్రమిస్తోందో లెక్క కట్టేవాళ్లు. నారు గుంపులుగా చచ్చిపోతే ఆ లెక్కకు అర్థమే ఉండదు. 1930ల మొదట్లో జరిగింది అదే. నారు కుళ్లు తెగుళ్లు పరిశోధనను దెబ్బతీశాయి.

తోట బాధ్యత చూసే విలియం లారెన్స్, ప్రధాన తోటమాలి జాన్ న్యూవెల్ ఇద్దరూ మట్టిమీద పడ్డారు. వాళ్ల గొప్పతనం ఏదో కొత్త పదార్థం కనిపెట్టడంలో లేదు. పాత పదార్థాలను ఒక్కొక్కటిగా మారుస్తూ, పక్కపక్కన పెంచి, పోల్చి, తేడా లేనివాటిని నిర్దయగా కొట్టేయడంలో ఉంది. చివరకు తేలిందేమిటంటే, మొక్కకో మిశ్రమం అక్కర్లేదు. విత్తనానికి ఒకటి, కుండీకి ఒకటి, అంతే. కుండీ మిశ్రమంలో ఏడు పాళ్లు గరపమట్టి, మూడు పాళ్లు పీట్, రెండు పాళ్లు ముతక ఇసుక. పీట్ అంటే చిత్తడి నేలల్లో వేల ఏళ్లుగా సగం కుళ్లి పేరుకున్న నాచు. ఇసుక రేణువులు చాలావరకు ఒకటిన్నర నుంచి మూడు మిల్లీమీటర్ల మధ్య ఉండాలన్నారు. పైన చెప్పిన కేశనాళికల లెక్కతో చూస్తే ఆ నియమం ఎందుకో వెంటనే తెలుస్తుంది.

36 లీటర్ల మిశ్రమానికి ఎరువు 113 గ్రాములు, సుద్దపొడి 21 గ్రాములు. ఆ ఎరువులో రెండు వంతులు కొమ్ము-గిట్టల పొడి, రెండు వంతులు సూపర్ ఫాస్ఫేట్, ఒక వంతు పొటాషియం సల్ఫేట్. మొక్క పెద్దదయ్యే కొద్దీ ఎరువూ సుద్దా రెట్టింపు, మూడింతలు. ఒకటో నంబరు, రెండో నంబరు, మూడో నంబరు అని పేర్లు.

అసలు మెలిక మాత్రం ఆవిరిలో ఉంది. తెగులు పుట్టించే శిలీంధ్రాలు గరపమట్టిలో ఉంటాయి కాబట్టి దాన్ని 82 డిగ్రీల వేడికి తెచ్చి పది నిమిషాలు ఉంచాలి. పీట్‌నూ ఇసుకనూ ఆవిరి పట్టనక్కర్లేదు. మరీ ఉడికించినా, ముందే ఎరువు కలిపి ఉడికించినా కథ అడ్డం తిరుగుతుంది. మట్టిలో రెండు జట్ల బాక్టీరియా వరసగా పనిచేస్తాయి. మొదటి జట్టు సేంద్రియ పదార్థాన్ని అమ్మోనియాగా మారుస్తుంది, రెండో జట్టు ఆ అమ్మోనియాను నైట్రేటుగా మారుస్తుంది. మొదటి జట్టులో చాలామంది గట్టి సిద్ధబీజాలుగా మారి వేడిని తట్టుకుంటారు. రెండో జట్టు చస్తుంది. అమ్మోనియా తయారవుతూనే ఉంటుంది, దాన్ని వాడేవాళ్లుండరు. పేరుకున్న అమ్మోనియాకు నారు వేళ్లు మాడతాయి. తెగులు పోగొట్టబోయి విషం పెట్టినట్టవుతుంది. అందుకే వేడికీ సమయానికీ అంత కచ్చితమైన హద్దు, అందుకే ఎరువు ఆఖర్న.

ఈ పాళ్లను లారెన్స్, న్యూవెల్ దాచుకోలేదు, 1939లో పుస్తకంగా అచ్చు వేశారు. యుద్ధకాలంలో బ్రిటన్ పెరళ్లన్నీ కూరగాయల మళ్లయ్యేసరికి జాన్ ఇన్నిస్ పేరు ఇంటింటికీ చేరింది.

అట్లాంటిక్ అవతల దీనికి పోటీ పుట్టింది. గరపమట్టి అంటే లారెన్స్ ఉద్దేశంలో పచ్చికబయలు పెళ్లలు కోసి, గడ్డివైపు కిందకు బోర్లించి, మధ్యమధ్య పేడ వేసి నెలల తరబడి మగ్గబెట్టిన సరుకు. వేల కుండీలు పెట్టే నర్సరీకి అంత మట్టి ఎక్కడ దొరుకుతుంది? దొరికినా ఈ లారీకీ ఆ లారీకీ పోలిక ఉండదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో కెనెత్ బేకర్ బృందం మట్టినే తీసేసింది. సన్న ఇసుక, పీట్, లెక్కగట్టిన ఎరువు. 1957లో వాళ్ల కరపుస్తకం వచ్చింది. ఆవిరికి గాలి కలిపి, 60 డిగ్రీల దగ్గర అరగంట ఉంచితే చాలని, మేలుచేసే జీవులు చాలావరకు బతుకుతాయని కూడా బేకర్ చూపించాడు. లారెన్స్ ఆవిరి కంటే ఇది నాజూకైన పని, ఒప్పుకోవాల్సిందే. 1960లలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో బూడ్లీ, షెల్‌డ్రేక్ ఇసుక కూడా మానేసి పీట్‌కు వర్మిక్యులైట్, పెర్లైట్ జతచేశారు. మన నెల్లూరు అభ్రకం గనుల ప్రాంతంలోనూ దొరికే వర్మిక్యులైట్, వేడికి పొరలు విచ్చుకుని ఎన్నో రెట్లు ఉబ్బే ఖనిజం.

వ్యాపారంలో గెలిచింది మట్టిలేని మిశ్రమమే. తేలిక, రవాణాకు చవక. కానీ పీట్ ఒకసారి బొత్తిగా ఎండితే మళ్లీ తడవడానికి మొరాయిస్తుంది, నీళ్లు పక్కలనుంచి జారిపోతాయి. మట్టి ఉన్న మిశ్రమం ఒక పూట మరచిపోయినా, ఒక చెంచా ఎరువు ఎక్కువైనా సర్దుకుంటుంది. ఇంట్లో పదిహేను కుండీలు పెట్టుకునేవాళ్లకు లారెన్స్ మార్గమే నయం.

పీట్ ఏడాదికి ఒక మిల్లీమీటరు చొప్పున పేరుకునేది, తవ్వితే మళ్లీ రాదు. మన దగ్గర అది దొరకడం అరుదు, దాని స్థానంలో కోనసీమ పీచు పరిశ్రమల పక్కన గుట్టలుగా పడి ఉండే కొబ్బరిపొట్టు వచ్చి కూర్చుంది. దానికున్న ప్రధాన లోపం ఉప్పు. సోడియం, పొటాషియం పోయేదాకా మూడు నాలుగుసార్లు మంచినీళ్లతో కడిగి వాడాలి. కడియం నర్సరీ నుంచి తెచ్చిన మొక్క అయినా, కడగని పొట్టులో పెడితే ఆకుల అంచులు మాడతాయి. ఏడు పాళ్ల గరపమట్టికి బదులు ఎర్రమట్టి వాడుకోవచ్చు. నల్లరేగడి వద్దు, ఎండితే కుండీ గోడ విడిచి కుంచించుకుపోతుంది. ఇసుక కాంక్రీటుకు వాడేది తీసుకోవాలి, గోడ పూతకు వాడే సన్నది సందులు పూడ్చేస్తుంది.

ఇదంతా నేలమీద గొంతుక్కూర్చుని కలపడం నడుముకు శిక్ష. ఒక బల్ల కావాలి. నిలబడి మోచెయ్యి వంచితే దానికి నాలుగైదు అంగుళాలు కిందుగా పైభాగం ఉండాలి, మట్టి ఒలికిపోకుండా మూడు వైపులా జానెడు గట్టు ఉండాలి. ఇనుప ఫ్రేము మీద కడప బండ పరిస్తే ఎండకూ వానకూ చలించదు, నీడపట్టున పెడితే సరి. దుకాణాల్లో అమ్మే చెక్క బల్లల్లో పట్టీల మధ్య సందులు ఉంటాయి. అవి కుండీలు పెట్టి నీరు కార్చుకోవడానికి బాగుంటాయి, మట్టి కలపడానికి పనికిరావు. పన్నెండు పాళ్లు కలిపితే పన్నెండు పాళ్లు రావని కూడా గుర్తుంచుకోండి. ఇసుక, పొట్టు, మట్టి సందుల్లో ఒదిగిపోయి కొంత తగ్గుతుంది.

మిశ్రమం కుదిరిందో లేదో తెలియాలంటే అంచుల్లో చిల్లులున్న కుండీని నింపి నీళ్లు పోయండి. కారడం ఆగాక ఒక చిల్లు అట్టడుగుకు వచ్చేలా కుండీని 45 డిగ్రీలు వంచి పట్టుకోండి. మళ్లీ నాలుగైదు చుక్కలు పడితే మొక్క నాటుకోవచ్చు. ధార కట్టిందంటే ఇంకో పాలు ముతక ఇసుక కలపండి.